మెట్లెక్కిన లెక్క

ముప్ఫై మూడేళ్లు ఆర్ అండ్ బీలో ఎం బుక్కులు, అంటే కొలతల పుస్తకాలు, రాసిన చెయ్యి ఇది. పొడవుకో గడి, వెడల్పుకో గడి, లోతుకో గడి, చివర మొత్తం. కొట్టివేత ఉంటే పక్కన సంతకం. ఆ కొసన టేపు చెయిన్‌మన్ పట్టుకుంటే ఈ కొసన నేను. రిటైరైన రోజున దండ వేసి, శాలువా కప్పి పంపించేశారు కాబట్టి కొలతలతో నాకు రుణం తీరిందనుకున్నాను. తీరలేదు. న్యూజెర్సీలో మా అమ్మాయి ఇంట్లో ఉండగా ఒక ఉదయం కొలతల మనిషి వచ్చి తలుపు తట్టాడు.

అల్లుడు ఇంటి లోను మార్చుకుంటున్నాడు. వడ్డీ తగ్గుతుందట. ఇంటి విలువలో అప్పు ఎనభై శాతానికి దిగిందని రుజువైతే పీఎంఐ పీడ కూడా వదులుతుందట. అప్పిచ్చినవాడికి నష్టం రాకుండా అప్పు తీసుకున్నవాడు ప్రీమియం కట్టే బీమా అది. ఈ ఏర్పాటు కనిపెట్టిన బుర్ర ఎవరిదో గానీ, మా ఊరి వడ్డీ వ్యాపారులకు తెలిస్తే వీధి చివర విగ్రహం పెడతారు. సరే, విలువ తేలాలంటే విలువ కట్టే మనిషి రావాలి. అతన్ని అక్కడ అప్రైజర్ అంటారు. ఆఫీసుకు వెళ్తూ అల్లుడు ఒక్కటే చెప్పాడు.

"మామయ్యగారూ, ఆయనొస్తే తలుపు తియ్యండి చాలు. దయచేసి ఏమీ మాట్లాడకండి."

నా గురించి అతనికి బాగానే తెలుసు.

వచ్చినవాడి చేతిలో టేపు లేదు. సిగరెట్టు పెట్టెంత లేజరు పరికరం, పలకలాంటి ట్యాబ్లెట్టు. ముందు ఇంటి చుట్టూ ప్రదక్షిణ చేశాడు. అక్కడ ఇంటిని బయటి గోడ బయటి అంచు నుంచి కొలుస్తారు. అంటే గోడ మందం కూడా కాపురముండే జాగా కిందే లెక్క. ఇటుక తొడుగు వేసుకున్న ఇల్లు, చెక్క పలకల ఇంటికంటే ఆ మేరకు లావుగా తేలుతుంది. చలికాలం స్వెట్టరు వేసుకుని నడుం కొలత ఇచ్చినట్టు. అయినా నేను మాట్లాడలేదు. ఆయన వెనకే నడిచానంతే.

లోపలికొచ్చి, హాలు దాటి, మెట్ల దగ్గర ఆగిపోయాడు. పడకగదులు నాలుగూ నాలుగు నిమిషాల్లో ముగించినవాడు మెట్ల దగ్గర పావుగంట ఉన్నాడు. కింద నిలబడి కొలిచాడు. పైకెక్కి కొలిచాడు. మధ్య చదరం దగ్గర వంగి కొలిచాడు. మా బెజవాడలో ఇంద్రకీలాద్రి ఎక్కుతూ ఆడవాళ్లు మెట్టు మెట్టుకీ పసుపు రాసి, బొట్టు పెట్టి మెట్లపూజ చేస్తారు. ఈయన భక్తి దానికేమీ తీసిపోలేదు. పసుపు బదులు ఎర్ర లేజరు చుక్క, అంతే తేడా.

ఇక ఆపుకోలేక అడిగేశాను. "అయ్యా, ఈ మెట్లు కింది అంతస్తు లెక్కా, పై అంతస్తు లెక్కా?"

ఆయన మొహం వెలిగిపోయింది. ఇన్నేళ్లకు తన వృత్తిలోని అసలు ప్రశ్న ఒక మనిషి అడిగాడన్న ఆనందం అది. "రెండూ" అన్నాడు.

అక్కడి శాస్త్రం పేరు ఆన్సీ జెడ్765. ఒక్క కుటుంబం ఉండే ఇళ్ల విస్తీర్ణం ఎలా లెక్కగట్టాలో చెప్పే ప్రమాణం. 1996లో పుట్టింది, కొన్నిసార్లు దిద్దుకుంది. చాలాకాలం అది ఇష్టమున్నవాళ్లు పాటించే ఆచారం. ఫ్యానీ మే అనే గృహరుణాల సంస్థ, 2022 ఏప్రిల్ 1 నుంచి తన దగ్గరకొచ్చే అప్రైజల్ రిపోర్టుల్లో కొలత 2021 నాటి ప్రతి ప్రకారమే ఉండాలని హుకుం వేసింది. అంగుళం దాకా గానీ, అడుగులో పదో వంతు దాకా గానీ కొలవాలి. చేత్తో గీసిన బొమ్మ చెల్లదు, కంప్యూటరులోనే గీయాలి. ఏ కారణంచేతనైనా ప్రమాణం పాటించడం కుదరకపోతే రిపోర్టులో జీఎక్స్ఎక్స్001 అని ఒక గుర్తు రాసి కారణం చెప్పుకోవాలంది. దోషపరిహారానికి బీజాక్షరాలన్నమాట. ఇళ్ల మార్కెట్టు కూలి, 2008 సెప్టెంబరులో ప్రభుత్వమే సంరక్షకుడిగా కూర్చుంటే ఊపిరి పీల్చుకున్న సంస్థ ఇది. అప్పుడు కూలింది మెట్ల కొలత తప్పి కాదు. దొంగలు పడ్డాక తలుపుకి కాదు, కిటికీకి గడియ బిగించినట్టుంది.

మెట్ల సూత్రం ఇదీ. కిందికి దిగే మెట్లు, వాటి మధ్య చదరాలు, అవి ఏ అంతస్తు నుంచి దిగుతున్నాయో ఆ అంతస్తు విస్తీర్ణంలో కలపాలి. అయితే నేలకు పెట్టిన కన్నం ఎంతుందో అంతకు మించకూడదు. మరి కింది అంతస్తులో ఆ మెట్లు ఆక్రమించిన జాగా? అది కింది గోడల మధ్యే ఉంది కాబట్టి అందులోనూ ఉంటుంది. తీసెయ్యమని ఎవరూ చెప్పలేదు. ఇంజినీరు బుద్ధి ఊరుకోదు కదా, లెక్క వేసుకున్నాను. నేల నుంచి నేలకు పదడుగుల ఎత్తు. అక్కడి దేశవ్యాప్త నమూనా కోడు ప్రకారం మెట్టు ఎత్తు ఏడుముప్పాతిక అంగుళాలు మించరాదు. అంటే పదహారు ఎత్తులు, పదిహేను మెట్లు. మెట్టు లోతు కనీసం పది అంగుళాలు, వెడల్పు మూడడుగులు. మధ్య చదరాన్నీ ఒక మెట్టు కిందే వేసుకుంటే, అంతా కలిపి ముప్ఫై ఏడున్నర చదరపు అడుగులు. దాన్ని కింద ఒకసారి, పైన ఒకసారి. మెట్లు ఒక్కటే, జాతకాలు రెండు. పెళ్లిలో ఒకే భోజనానికి అటువైపు విస్తరీ ఇటువైపు విస్తరీ లెక్కపెట్టిన కేటరింగువాడు నాకు గుర్తొచ్చాడు.

సమర్థించేవాళ్ల వాదన లేకపోలేదు. పై అంతస్తులో మెట్ల మేర తీసేస్తే, మెట్లున్న ఇల్లు మెట్లు లేని ఇంటికంటే నష్టపోతుంది, కట్టడానికి ఖర్చయింది కదా అంటారు. కానీ అదే నోటితో ఇంకో మాట కూడా అంటారు. గుమ్మంలో అడుగు పెట్టగానే రెండంతస్తుల ఎత్తున హాలు, పైనుంచి వేలాడే దీపగుచ్ఛం చూశారా? మనవాళ్లు ఆ హాలు చూసే కదా ఇల్లు కొంటారు, వాట్సాప్‌లో చుట్టాలందరికీ ఆ వీడియోనే కదా పంపిస్తారు. పై అంతస్తు లెక్కలో ఆ ఖాళీకి సున్న. కిందికి తెరిచి ఉన్న జాగా నేల కాదట. నిజమే, కాదు. మరి మెట్ల కన్నం? అదీ కిందికి తెరిచే ఉంది. అందులో మెట్లున్నాయి కాబట్టి అది నేల. కన్నంలో దీపం వేలాడితే గాలి, మెట్లు వేలాడితే ఫ్లోరు. కన్నం పెద్దదై మెట్లు సన్నగా ఉంటే మెట్ల మేరకే ఇచ్చి, మిగతాది గాలికి వదిలేస్తారు. ట్యాబ్లెట్టులో మెట్లకీ గాలికీ మధ్య ఆయన ఒక గీత గీశాడు. రాడ్‌క్లిఫ్ దేశాన్ని చీల్చినప్పుడు కూడా అంత జాగ్రత్తగా గీసి ఉండడు.

తరవాత బేస్‌మెంటుకు దిగాం. మా అమ్మాయి ఇంట్లో అది పూర్తిగా కట్టింది కాదు. సిమెంటు నేల, వాటర్ హీటరు, విప్పని అట్టపెట్టెలు, మనవడి పాత సైకిలు, ఊరి నుంచి తెచ్చిన రోలు. భూమట్టానికి కొంచెం దిగినా ఆ అంతస్తు మొత్తం నేలకిందిదే అంటుంది ప్రమాణం. నేలపై జాగా లెక్కలోకి అది రాదు. బావుంది. కానీ ఆ బేస్‌మెంటులోకి దిగే మెట్లు? అవి పై అంతస్తు నుంచి దిగాయి కాబట్టి పై అంతస్తు ఆస్తి. కింద చీకటి కొట్టున్నా, మెట్ల చెక్క గరుకుగా ఉన్నా సరే, కాపురపు జాగాలో వాటికి పూర్తి స్థానం. చేరే చోటుకి లెక్క లేదు, చేర్చే మెట్లకు ఉంది.

ఈ లెక్కన మా ఏడుకొండలవాడి సంగతేమిటని ఆలోచించాను. అలిపిరి నుంచి పైకి 3,550 మెట్లు. మనకవి ఎక్కే మెట్లు. అప్రైజరుకు మాత్రం ఏ మెట్లయినా దిగే మెట్లే. కాబట్టి 3,550 మెట్లూ తిరుమల ఖాతాలోకి పోతాయి. తిరుపతి కార్పొరేషనుకు ఒక్క మెట్టూ మిగలదు. మోకాళ్ల పర్వతం దగ్గర కూలబడ్డ భక్తుడు తాను ఇంకా ఎక్కాల్సి ఉందనుకుంటాడు. రికార్డుల ప్రకారం అతను అలిపిరిలో మొదటి మెట్టు మీద కాలు పెట్టగానే కొండమీదకు చేరిపోయాడు. ఇక నడకెందుకో!

ఇంకా ఉంది. గదికి పైకప్పు కనీసం ఏడడుగులుండాలి. వాలు కప్పయితే ఆ గదిలో సగం జాగాకైనా ఏడడుగులు ఉండాలి, ఐదడుగులకు తగ్గిన మూల పనికిరాదు. చక్కగా చెక్కలు పరిచి, రంగులేసి, మంచం వేసుకున్న అటక గదికి ఆరడుగుల పది అంగుళాలే ఎత్తుంటే ఆ గది లేనట్టే. అందులో ఇరవై ఏళ్లుగా పడుకుంటున్న మనిషి ఎక్కడ పడుకుంటున్నట్టో ప్రమాణం చెప్పదు. కానీ మెట్ల కింది జాగాకు మాత్రం ఎత్తు నిబంధన లేదు. చీపురు కూడా నిలువునా పట్టని ఆ ముక్కోణపు మూల కూడా లెక్కలోదే. మనిషి నిలబడితే తల తగలని గది చెల్లదు, పిల్లి దూరితే వీపు రాసుకునే మూల చెల్లుతుంది.

2022 ఏప్రిల్ తరవాత అమెరికాలో చాలా ఇళ్లు ఇలాగే చిక్కిపోయాయి. కొండవాలు మీద కట్టినవి, వాలు కప్పు కింద గదులు వేసుకున్నవి. గోడ కదల్లేదు, ఇటుక రాల్లేదు. రాత్రి పడుకున్నప్పుడున్న ఇల్లు తెల్లారేసరికి కాగితం మీద తగ్గిపోయింది. పన్ను మాత్రం తగ్గలేదు. పన్ను వేసేవాడి రికార్డు వేరు, అతని కొలత వేరు.

ఇక్కడొక నిజం ఒప్పుకోవాలి. నవ్వే అర్హత నాకేమంత లేదు. మన ఐఎస్ 1200లో ప్లాస్టరింగు కొలతకు సూత్రం ఉంది. గోడలో కన్నం అర చదరపు మీటరు లోపుంటే తగ్గింపు లేదు, ఉన్నట్టే లెక్క. అర నుంచి మూడు చదరపు మీటర్ల దాకా అయితే రెండు ముఖాల్లో ఒక్క ముఖానికే తగ్గించాలి. అంటే గుమ్మానికి ఒకవైపు ప్లాస్టరింగు జరగలేదు, రెండోవైపు జరిగింది. చౌకట్టు పక్కల అంచులకు సరిపోతుందిలే అని దాని తాత్పర్యం. ముప్ఫై మూడేళ్లలో ఎన్ని వేల చదరపు మీటర్ల గాలికి నేను ప్లాస్టరింగు చేయించి బిల్లు పాస్ చేశానో ఆ దేవుడికి తెలియాలి. ఆడిట్‌వాళ్లకు కూడా తెలుసు, వాళ్లేమీ అనలేదు. సూత్రమంటే అదే. అందరికీ ఒకేలా తప్పయితే దాన్ని తప్పనరు.

అసలు కథంతా ఆ 'అందరికీ' అన్న మాటలోనే ఉంది.

వారం తరవాత రిపోర్టు వచ్చింది. ముప్ఫై పేజీల పైమాటే. రాత్రి భోజనాలయ్యాక అల్లుడు చివరి పేజీలో విలువ చూసుకుని నిద్రపోయాడు. నేను కళ్లజోడు పెట్టుకుని మొదటి పేజీ నుంచి చదివాను. ఎం బుక్కు చదివే అలవాటు. మా అమ్మాయి ఇల్లు 2,486 చదరపు అడుగులని తేలింది. మెట్లు ఎక్కడ మొదలై ఎక్కడ ఆగాయో, గాలి ఎక్కడ మొదలైందో బొమ్మలో అడుగులో పదో వంతు దాకా ఉంది. ఇల్లు కొన్నప్పటి ప్రకటనలో 2,550. పన్ను రికార్డులో 2,410. మూడు కాగితాల్లో మూడు ఇళ్లు. వాళ్లు కాపురముంటున్నది మాత్రం నాలుగో ఇల్లు.

తరవాతి పేజీల్లో పోలిక ఇళ్లు. ఇంటి విలువ తేల్చాలంటే ఆ చుట్టుపక్కల ఈమధ్య అమ్ముడుపోయిన ఇళ్లు కనీసం మూడింటిని పక్కపక్కన పెట్టి బేరీజు వెయ్యాలి. అది మీ ఇంటికంటే పెద్దదా, ఇన్ని డాలర్లు తగ్గించు. చిన్నదా, ఇన్ని డాలర్లు కలుపు. ఈ రిపోర్టులో చదరపు అడుగుకు 75 డాలర్లు వేశాడు. ఆ మూడు ఇళ్ల విస్తీర్ణం కూడా పక్కనే ఉంది. వాటి మెట్లు ఎలా కొలిచారో చూద్దామని వెతికాను. ఎక్కడా లేదు. ఆ ఇళ్ల లోపలికి ఆయన అడుగే పెట్టలేదు. పెట్టడానికి హక్కూ లేదు, అవి వేరేవాళ్ల ఇళ్లు. రోడ్డు మీంచి తలో ఫొటో తీశాడు. విస్తీర్ణం దగ్గర 'పన్ను రికార్డు' అనో 'అమ్మకపు ప్రకటన' అనో ఆధారం రాశాడు. ఆ అంకె వేసిన మహానుభావుడు ఎవరో, ఏ సంవత్సరంలో వేశాడో, మెట్లు ఒకసారి కలిపాడో రెండుసార్లు కలిపాడో, దీపగుచ్ఛం కింది గాలిని నేలలో వేశాడో ఎవరికీ తెలియదు. వాళ్లెవరూ ఆన్సీకి కట్టుబడిన వాళ్లు కారు.

మా ఇంటి మెట్లేమో కంసాలి త్రాసులో వేసి గురివెంద గింజ బరువు దాకా తూచారు. అవతలి సిబ్బెలో రోడ్డు పక్కన దొరికిన మూడు రాళ్లు పెట్టారు. ముల్లు మాత్రం సరిగ్గా మధ్యలో నిలబడింది. నిలబడదా మరి!

ఆయన్ని అని లాభం లేదు. ఆయన చేతుల్లో ఉన్నది ఆయన ఒళ్లు దాచుకోకుండా కొలిచాడు. చేతుల్లో లేనిదాన్ని కొలిచినట్టు చెయ్యమన్నది బ్యాంకు. ఆ బ్యాంకుకు చెప్పింది ఫ్యానీ మే. ఖచ్చితత్వం కావాలని అందరూ అడుగుతారు. ఖచ్చితత్వం ఎక్కడ సులువో అక్కడే అడుగుతారు. నా సర్వీసులో ఒక సూపరింటెండెంటు గారు ఉండేవారు. లక్షల బిల్లు చూడకుండా సంతకం పెట్టి, స్టేషనరీ ఇండెంటులో గుండుసూదుల డబ్బా దగ్గర కొర్రీ వేసేవారు. ఆయన ఫైలు చదవలేదని ఎవరైనా అనగలరా?

చివరి పేజీకి వచ్చాను. మా మెట్లు పై అంతస్తులో తెచ్చిపెట్టిన ముప్ఫై ఏడున్నర చదరపు అడుగులను 75తో గుణించాను. 2,812 డాలర్ల యాభై సెంట్లు. మన డబ్బుల్లో రెండు లక్షల పైచిలుకు. పావుగంట పూజకు ఫలం బాగానే ఉందనుకున్నాను. అప్పుడు చూశాను, చివరి విలువ సున్నాలతో గుండ్రంగా ఉంది. దగ్గరున్న ఐదు వేల డాలర్లకు సరిచేసి రాశారు. లేజరు చుక్క, మధ్య చదరం దగ్గర వంగడం, గాలికీ మెట్లకీ మధ్య గీసిన సరిహద్దు, పదో వంతు అడుగు, అన్నీ ఆ ఐదు వేల గుండ్రంలో దొర్లుకుంటూ పోయాయి. మెట్లు కలిపినా అంతే, కలపకపోయినా అంతే.

పొద్దున కాఫీ దగ్గర ఈ మాట చెబితే అల్లుడు నవ్వి, "పీఎంఐ పోయింది మామయ్యగారూ, ఇంకేం కావాలి" అన్నాడు. అమ్మాయి మాత్రం "నాన్నా, ఆయనతో మాట్లాడావన్నమాట" అంది.

బెజవాడ తిరిగొచ్చాక మా అపార్ట్‌మెంటు మెట్లెక్కుతుంటే కాళ్లు ఊరికే ఉండలేదు. లిఫ్టు పనిచెయ్యడం లేదు కాబట్టి ఎక్కక తప్పలేదు కూడా. ఈ ఫ్లాటు నేను 2014లో కొన్నాను. 1,350 చదరపు అడుగులన్నారు. సూపర్ బిల్టప్ అంటారు దాన్ని. 'సూపర్' అన్న మాట సినిమా పోస్టరు మీద తప్ప ఎక్కడున్నా అనుమానించాలని నాకప్పుడు తెలియదు. తలుపు లోపల, గోడలతో కలిపి కొలిస్తే 1,060. మిగతా 290 ఏమిటని అప్పట్లో అడిగితే, "మెట్లు, లిఫ్టు, కారిడారు అందరివీ కదా మాస్టారూ, మీ వాటా" అన్నారు. 2016లో రెరా చట్టం వచ్చింది, మరుసటి ఏడు మే 1 నుంచి పూర్తిగా అమల్లోకి వచ్చింది. కార్పెట్ ఏరియా అంటే ఏమిటో చెప్పి, మెట్లు ఉమ్మడి జాగా అని స్పష్టంగా రాసింది. కానీ వీధిలో ఇప్పటికీ బేరం సూపర్ బిల్టప్పులోనే. చట్టం ఇంగ్లీషులో ఉంది, బేరం తెలుగులో ఉంది.

అమెరికావాడు ఒక మెట్ల వరసను ఒక్క ఇంటికి రెండుసార్లు లెక్కపెట్టి, దానికో ప్రమాణం రాసి, నంబరు వేసి, మళ్లీ మళ్లీ దిద్దుకుంటాడు. పిచ్చివాడు. మనకు అంత శ్రమ లేదు.

పాత టేపు బీరువాలోంచి తీసి దులిపాను. చెయిన్‌మన్ లేడు కాబట్టి వాచ్‌మన్‌ని అవతలి కొస పట్టుకోమన్నాను. ఐదంతస్తులు, ఇరవై ఫ్లాట్లు. తలా 290 చొప్పున మేం కొనుక్కున్న ఉమ్మడి జాగా 5,800 చదరపు అడుగులు ఉండాలి. మెట్లు కొలిచాను. మెట్ల మీది గది, లిఫ్టు గొయ్యి, దాని ముందు జాగా, కారిడార్లు, వాచ్‌మన్ గది, కరెంటు మీటర్ల అర, జనరేటరు గట్టు అన్నీ కొలిచాను. చేతికి అందినవన్నీ కలిపినా 2,200 దాటలేదు. మెట్లు రెండుసార్లు కలిపి చూశాను, అమెరికా పద్ధతిలో. అప్పటికీ దగ్గరకు రాలేదు. మూడుసార్లు కలిపాను. లాభం లేదు. మూడు వేల పైచిలుకు చదరపు అడుగులు ఈ భవనంలోనే ఎక్కడో ఉన్నాయి, ఇరవై మందిమి రిజిస్ట్రేషను చేయించుకున్నాం, ఇంతవరకూ ఎవరికీ ఎదురు పడలేదు.

మూడో అంతస్తు దగ్గర వంగి మెట్టు లోతు చూస్తుంటే తలుపులు ఒక్కొక్కటే తెరుచుకున్నాయి. అసోసియేషన్ సెక్రటరీ లుంగీతోనే దిగొచ్చాడు.

"ఏఈ గారూ, మెట్లు కొలుస్తున్నారేంటి? మెయింటెనెన్స్ పెంచుతున్నారా?"

విషయం చెప్పాను. కనిపించని మూడు వేల చదరపు అడుగుల దగ్గరకొచ్చేసరికి అందరూ సీరియస్సయ్యారు. కేసు వేద్దామన్నాడొకడు. బిల్డరు ఇప్పుడు ఎక్కడున్నాడో కనుక్కుందామన్నాడు ఇంకొకడు. 304 ఆవిడ మాత్రం ఏమీ అనకుండా, నేను కొలుస్తున్న మెట్టు మీదున్న తన చెప్పుల స్టాండు కేసి చూసి, నన్ను పక్కకు పిలిచింది.

"బాబాయిగారూ, ఎలాగూ కొలుస్తున్నారు కదా, ఈ మెట్టు మా వాటాలోకి వచ్చేట్టు చూడండి."